గేజీ కింద తీగ

నేను ఆరో తరగతిలో బడి మానేసినప్పుడు ఊళ్ళో ఎవరూ బాధపడలేదు. లెక్కల సారైతే మా నాయనను దారిలో ఆపి, రెండు చేతులూ పట్టుకొని, "మంచి పని చేసినావప్పా, నీ మేలు మరిచిపోను" అన్నాడట. ఆ సారు ఇప్పుడు లేడు. ఒకవేళ అప్పటిదాకా ఉన్నా, ఆయన శిష్యుడు ఒక కంప్యూటర్ చదివిన అమ్మకు అంకెలు అందిస్తున్నాడని విన్న రోజే పోయి ఉండేవాడు.

అందించినమాట మాత్రం నిజం. ఎనభైల్లో, మా నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ వైపు పోయే కాలువ మీద నేను లస్కరుగా పనిచేసేవాణ్ణి. ఇప్పటి పిల్లలకు లస్కరంటే తెలియదు కాబట్టి చెప్తాను. గట్టు మీద నడవాలి. నీళ్ళు ఎంత ఎత్తున పారుతున్నాయో గేజీ రాయి మీద గీతలు చూసి చెప్పాలి. పిల్లకాలువల తూముల దగ్గర గేట్లు ఎత్తాలి, దించాలి. రైతుల దగ్గర తిట్లు తినాలి. మొదటి మూడింటికి జీతం ఇచ్చేవారు.

మా కాలువలో నీళ్ళు ముందు పెద్దమనుషుల మళ్ళలోకి పారేవి. తర్వాత వాళ్ళ వియ్యంకుల మళ్ళలోకి. ఆ తర్వాత ఏమైనా మిగిలితే కింది ఊర్లకు. పై ఊర్లవాళ్ళు గడ్డపార తెచ్చి గేటు ఎత్తి, కింద బండరాయి పెట్టి పోయేవాళ్ళు. ఎవరని అడిగితే ఎవరూ కాదు. ఆ బండరాయి దానంతట అదే కాలువలోకి దిగి గేటు కింద కూర్చున్నట్టు చెప్పేవాళ్ళు. కళ్ళాల కాలంలో మాకు గింజలు పెట్టేది కూడా వాళ్ళే గనుక నేను ఆ రాయితోనే మాట్లాడి వచ్చేవాణ్ణి.

కాలువ కొసన, ఆళ్ళగడ్డ అవతల ఒక చిన్న ఊరు. అక్కడ మేమంతా పెద్దమ్మా అని పిలిచే ఒకామె ఉండేది. మొగుడు పోయినాక సేద్యం తనే చూసుకునేది. ఆదివారం ప్రార్థనకు పోయినా, దేవునికంటే ముందు నన్నే అడిగేది, నీళ్ళొస్తాయా అని. ఆమె పొలం కాగితాల మీద మాగాణి, కంటికి మాత్రం మెట్ట. ఏటా జొన్నలే.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున మా కాలువ ఇంజనీరు, ఏఈ గారి జీపులోంచి ఒక అమ్మాయి దిగింది. నంద్యాల మిషన్ కాంపౌండులో బడి చెప్పే టీచరమ్మ కూతురు. మద్రాసులో కంప్యూటర్ చదివింది. కాలువ నీళ్ళను ఏ తూముకు ఎన్ని రోజులు వదిలితే కొసదాకా అందుతాయో లెక్క కట్టే పని మీద హైదరాబాదు ఆఫీసువాళ్ళు పంపించారు.

నేను జీపు వెనకంతా తొంగి చూశాను.

"మిషన్ యాడుందమ్మా?"

"హైదరాబాదులో ఉండాదన్నా. ఒక రూమంత ఉంటాది. తేలేం."

"దాన్ని ఆడే ఇడిసిపెట్టి నువ్వెందుకొచ్చినావు మరి?"

"దానికి కూడు ఎత్తుకపోదామని."

"ఏం తింటాది?"

"నువ్వు చెప్పే గేజీ అంకెలు."

పక్కన గేట్లకు గ్రీజు పెడుతున్న మెకానిక్ భాయ్ పగలబడి నవ్వాడు. "అరే, నువ్వు చెప్పే అంకెలు తింటే దానికి వాంతులే గదా!" అన్నాడు. భాయ్ మా అందరికంటే పెద్దవాడు. ఆయన తండ్రి కూడా ఆ గేట్లకే గ్రీజు పెట్టాడు. నా మీద ఆయనకు ప్రేమ ఎక్కువ, నమ్మకం తక్కువ.

ఆ రోజు నుంచి ఆమె మా అందరికీ కంప్యూటరమ్మ. కంప్యూటర్ చదివినవాళ్ళంటే చల్లటి గదిలో చెప్పులు బయట విడిచి కూర్చుంటారని మేము విన్నాం. ఈమె కూడా చెప్పులు విడిచింది, కాకపోతే కాలువలోకి దిగడానికి. మోకాళ్ళ దాకా బురదలో నిలబడి ప్రతి తూమునూ కొలిచింది. ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను, నీతో చదివినోళ్ళందరూ ఇట్లే బురద తొక్కుతాండారా అని.

"ఒకడు రాకెట్ల కాడ ఉండాడన్నా. ఒకామె బ్యాంకులో. ఇంకొకడు రైలు టికెట్లు మిషన్‌తో ఇచ్చేదానికి ఏదో చేస్తాండాడు. నేను నీ యెంబడి జలగలు పీక్కుంటాండా."

"బుద్ధి లేక వచ్చినావు."

"బుద్ధుండే వచ్చినా. రాకెట్టు పోకపోతే ఎవురికీ కడుపు కాలదు."

ఆమె మాటలు అట్లా ఉండేవి. నేను ఒకటంటే తను ఒకటిన్నర అనేది. నాకు సరిజోడు దొరికిందని సంబరపడ్డాను. ఆ సంబరమే కొంప ముంచింది.

ఆమె రెండు పనులు మొదలుపెట్టింది. పాత గేజీ రాళ్ళ మీద గీతలు చెరిగిపోయి ఉంటే, వాటి చోట తెల్లరంగు కొట్టిన కొత్త గేజీలు పాతించింది. రెండో పని, హైదరాబాదు నుంచి తెచ్చిన పొడుగాటి కాగితాలు పట్టుకొని ఊరూరూ తిరగడం. అంచుల్లో రంధ్రాలున్న ఆ కాగితాలను రచ్చబండ మీద పరిచి, ఏ ఊరి వంతు ఎప్పుడు, ఎందుకు అట్లా వచ్చింది, మీకు సమ్మతమేనా అని అడిగేది. ఒక్కో ఊళ్ళో ఒక్కో జగడం. పై ఊరి రైతులనూ కింది ఊరి రైతులనూ ఒకచోట కూర్చోబెట్టాలని ఆమె పట్టుదల. వాళ్ళు ఒకచోట కూర్చున్నది అంతకుముందు కోర్టు వరండాలో మాత్రమే.

ఒక రోజు ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గర టీ తాగుతున్నాను. పై ఊరి పెద్దరైతు ఒకాయన నా పక్కనే కూర్చున్నాడు. గేటు ఎత్తడంలో ఆయనది అందె వేసిన చెయ్యి.

"ఏందప్పా, ఆ యమ్మ కొత్తరాళ్ళు పాతిస్తాండాది?"

నాకు నాలుక దురద పెట్టింది.

"నీకోసమే అన్నా. దాని కింద తీగ ఉండాది. ఈడ ఎవురు గేటెత్తినా ఆడ హైదరాబాదులో కాయితం మీద పేరు అచ్చయి పడతాది."

"నా పేరు దానికెట్ల తెలుస్తాది?"

"నీ పేరు తెలీనిదెవురికన్నా ఈ తాలూకాలో? నాయన పేరుతో సహా పడతాది."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. టీ గ్లాసు సగంలో పెట్టి లేచిపోయాడు.

అంతే. ఆ మాట నాకంటే వేగంగా గట్టు మీద నడిచింది. వారం తిరిగేసరికి గేటు కింద రాళ్ళు మాయమయ్యాయి. పొలానికి పోయేవాళ్ళు గేజీ దగ్గరికి రాగానే గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. ఒక ఊళ్ళో గేజీకి పసుపు రాసి కుంకుమ పెట్టారు. ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "పోయినేడు ఎత్తినది కూడా పడతాదాప్పా?" అని అడిగాడు. పాతవి మాఫీ అని నేనే హుకుం ఇచ్చాను.

నీళ్ళు కొసదాకా పారాయి. నేను ఆ కాలువ మీద చేరినప్పటి నుంచి చూడని నీళ్ళు. ఆ ఏడు నా చెప్పులు అరగలేదు. గట్టు మీద నేను చేయవలసిన పని తీగ చేస్తుంటే నేను బస్టాండులో టీ తాగేవాణ్ణి.

పెద్దమ్మ నన్ను వెతుక్కుంటూ ఆళ్ళగడ్డకు వచ్చింది.

"నీళ్ళొచ్చినాయి నాయనా. వరి నాటమంటావా? మల్లా నడిమిట్ల ఇడిసిపెట్టవు గదా?"

"నాటు పెద్దమ్మా. ఈసారి నీ పొలానికి పారా ఉండేది మిషను."

నాటింది. చెవుల కమ్మలు కుదువ పెట్టి నారు తెచ్చి నాటింది.

కంప్యూటరమ్మకు ఈ తీగ సంగతి తెలియదు. కొసన గేజీ చూసి ఆమె చిన్నపిల్లలా గంతులేసింది. "అన్నా, చూడు! నేను కట్టిన లెక్కకు బెత్తెడు కూడా తేడా ల్యా!" ఆ ముఖం చూసి నేను నోరు మూసుకున్నాను. ఊర్ల మీటింగులకు పోదామంటే నేనే ఆపాను. "ఎండలో ఎందుకమ్మా? అందరూ ఒప్పుకున్నట్టే గదా" అన్నాను. ఇప్పటికీ నిద్రపట్టనప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ మాటే. ఆ మీటింగులు సగంలో ఆగిపోయాయి.

గేజీ మీద కుంకుమ చూసిన రోజు ఆమెకు అనుమానం వచ్చింది. భాయ్‌ని అడిగింది. భాయ్ అబద్ధం చెప్పడు, నా కోసమైనా చెప్పడు.

"తీగ ఎవురేసినారన్నా?" అని నన్ను నిలదీసింది.

"నోటితో ఏసినానమ్మా. ఖర్చు ల్యా."

ముందు నవ్వేసింది. గట్టు మీద కూర్చుండిపోయి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎక్కడో ఆగిపోయింది.

"నేనేం రాయాల పైకి? నా లెక్క పనిచేసిందనా, నీ తీగ పనిచేసిందనా?"

"రెండూ అని రాయి."

"చెప్పెయ్ అన్నా వాళ్ళకు. అందరితో కూచోని, మన వంతులు మనం పెట్టుకుందాం అని చెప్దాం. బయపడి మూసుకున్న గేటు ఎన్నాళ్ళుంటాది?"

"పంట ఇంటికి రానీమ్మా. పెద్దమ్మ ధాన్యం బండికెత్తిన రోజు నేనే దండోరా వేసి చెప్తా."

పెద్దమ్మ మడి అప్పటికే పచ్చగా మోకాలెత్తు ఉంది. ఆ పచ్చదనం ఇద్దరి నోళ్ళూ నొక్కేసింది. భాయ్ ఒక్కడే గొణిగాడు. "అన్ని గేట్లకూ స్క్రూ ఉండాది. నీ నోటికే ల్యా. ఇది యాడికి పోతాదో!"

అది ఒక మనిషి మీదికి పోయింది.

వరి పొట్టకొచ్చింది. ఆ ఏడు వెనక వానలు ముఖం చాటేశాయి. ఇంకో రెండు తడులు పడితే పంట చేతికి వచ్చేదే. అప్పుడు ఒక పొద్దున నడిమి ఊరి దగ్గర కాలువలో నీళ్ళు తగ్గిపోయాయి. ఎవరో గేటు ఎత్తారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. ఊహ ఉంది, రాయను. ఎత్తినవాళ్ళకు తీగ భయం ఉంది కాబట్టి, తమ పేరు పడకముందే ఇంకొకరి పేరు పడేట్టు చూసుకున్నారు. ఒక రైతు దగ్గర మడికి నీళ్ళు కట్టే కూలిమనిషి ఒకడుండేవాడు. నోట్లో నాలుక లేనివాడు. "కంప్యూటర్లో వాని పేరే వచ్చిందంట" అని పుట్టించారు.

ఆ మధ్యాహ్నమే ఆళ్ళగడ్డ ట్రావెలర్స్ బంగళాలో రైతుల మీటింగు. ఏఈ గారు ఉన్నారు, కంప్యూటరమ్మ ఉంది, భాయ్, నేను. వరండా నిండా జనం. ఆ మనిషిని రెక్కలు పట్టుకొని తెచ్చి నిలబెట్టారు. అప్పటికే పెదవి చిట్లి ఉంది. భుజం మీద తుండుగుడ్డ లేదు, దాంతోనే చేతులు కట్టారు.

"ఆ కాయితం తియ్యమ్మా. వీని పేరు సదువు. సదివినాక మేం చూసుకుంటాం" అన్నాడొకడు.

ఆమె కాగితం విప్పింది. అన్నీ అంకెలే. జనం మెడలు చాచి చూశారు. చదువు రానివాళ్ళకు అంకెల్లో ఏ పేరైనా కనిపిస్తుంది.

నేను లేచాను. నా జీవితంలో తమాషా లేకుండా నాలుగు మాటలు మాట్లాడింది అదే మొదలు.

"ఆ మాట నేను పుట్టించినా. తీగ ల్యా. పేరు పడేది ల్యా. తమాషాకు చెప్పినా. ఆయప్పను ఇడ్సండి."

వరండా అంతా గొల్లున నవ్వింది.

"కూచోప్పా, ఇప్పుడు నీ యాక్టింగు ఎవురు చూస్తారు!"

"నిజమప్పా, మా నాయన మీద ఒట్టు."

"నీ నాయన మీద నువ్వు ఇప్పటికి ఎన్ని ఒట్లేసినావు? ఆయప్ప బతికుండేదే ఆచ్చెర్యం!"

మళ్ళీ నవ్వులు. ఎన్నో ఏళ్ళుగా నేను ఆ నవ్వుల కోసమే బతికాను. ఆ పూట అవి నా నోటి మీద కొట్టినట్టు తగిలాయి. అబద్ధం చెప్తే తాలూకా అంతా నమ్మింది. నిజం చెప్తే వరండా కూడా నమ్మలేదు.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఏఈ గారు కళ్ళతోనే సైగ చేశారు, తీగ లేదని చెప్పొద్దని. ఆయన చెడ్డవాడు కాదు. పంట గట్టెక్కితే చాలనుకున్నాడు. ఆ మనిషిని తర్వాత ఎట్లాగో విడిపించవచ్చనుకున్నాడు. ఆమె ఆయన వైపు చూసింది, ఆ కూలిమనిషి పెదవి వైపు చూసింది. కాగితం మడిచింది.

"పేర్లు రావు. ఈ లస్కరన్న చెప్పింది నిజం. గేజీ కింద తీగ లేదు. ఆ మిషన్‌కు కండ్లు లేవు. ఎవరు ఎత్తినారో దానికి తెలీదు, నాకూ తెలీదు. ఆయన చేతులు విప్పండి."

ఆమె చెప్తే నమ్మారు. చేతులు విప్పారు. ఆ మనిషి తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకొని మెట్లు దిగి పోయాడు. ఆమె వెంటనే, "ఇప్పుడైనా అందరం కూచోని వంతులు మాట్లాడుకుందాం, ఇంకో రెండు తడులుంటే చాలు" అని మొదలుపెట్టింది. వినేవాళ్ళు వరండాలో లేరు. చెప్పులు తొడుక్కొని గబగబా కాలువ వైపు పోతున్నారు.

పొద్దు గూకకముందే, పట్టపగలే గేట్లు లేచాయి. మోసపోయామన్న కసి కూడా తోడైంది. అంతకుముందు రాయి పెట్టేవాడు ఈసారి రెండు రాళ్ళు పెట్టాడు. భాయ్, నేను పోయి ఒక గేటు దించి గొలుసు వేశాం. పొద్దున చూస్తే గొలుసు కాలువలో ఉంది. ఏఈ గారు, "గొడవలొద్దప్పా, తలకాయలు పగులుతాయి" అన్నారు. నాకు కావలసింది ఆ మాటే. గట్టు దిగి ఇంటికి పోయాను.

కొసన కాలువ ఎండింది. పాలు పోసుకునే వరి తాలు అయింది.

ఆమె పైకి రాసిన దాంట్లో ఉన్నది ఉన్నట్టు రాసింది. తన లెక్క వల్ల నీళ్ళు పారలేదని, భయం వల్ల పారాయని. ఆ మాట రాయకపోయి ఉంటే ఆమెకు ఇంకో కాలువ ఇచ్చేవాళ్ళు. రాసింది కాబట్టి పనే ఎత్తేశారు. నంద్యాల బస్టాండులో నేనే ఆమె పెట్టె బస్సు మీదికి ఎత్తాను. "అన్నా, తిట్టుకోవద్దు. నవ్వింది నేను కూడా గదా" అంది. తర్వాత ఆమె తుఫాన్లు ఎటు పోతాయో లెక్క కట్టే చోట పనిచేసిందని, ఆ మీదట పిల్లలకు పాఠాలు చెప్పిందని వాళ్ళమ్మ చెప్పేది. మళ్ళీ కాలువ పని చేసిందా అని అడిగాను. చేయలేదట. ఆమె వదిలిపోయిన కాగితాలు మా ఆడది వంటింట్లో డబ్బాల కింద పరిచింది. ఎన్నో ఏళ్ళు ఆ అంకెల మీద మేము ఉప్పూ చింతపండూ పెట్టుకున్నాం.

ఇది చదివే పిల్లలూ, మీలో చాలామంది ఇప్పుడు ఆమె చదివిన చదువే చదువుతున్నారు. మీ మిషన్లకు నా ఆరో తరగతి చెప్పగలిగేది ఏమీ లేదు. మీకు మాత్రం ఒకటి చెప్తాను: ఆ మిషనుకు ఏది చేతకాదో కూడా జనానికి చెప్పండి, పని మొదలుపెట్టిన రోజే చెప్పండి. మధ్యలో నాలాంటి నోటిదురదవాడు ఎక్కడో టీ తాగుతూనే ఉంటాడు.

బస్సు ఎక్కించి వచ్చిన మర్నాడు పెద్దమ్మ ఊరికి పోయాను. ఎండిన వరిని గొడ్లకు కోస్తూ ఉంది. కమ్మలు లేని చెవులు చూడలేక నేను గట్టు మీదే నిలబడ్డాను. ఏదో ఒకటి అనకుండా ఉండలేని జన్మ కదా.

"పెద్దమ్మా, ఏం చేద్దాం, ఆ పాడు మిషన్‌కు కండ్లు లేకపాయ!"

ఆమె కొడవలి ఆపకుండానే, తల కూడా ఎత్తకుండా అంది.

"దానికి లేకపోతే లేకపాయలేప్పా. నీకుండె గదా?"